శాలువా కింద పరచండి

(2005 మార్చి. శామీర్‌పేట మండలంలో ఒక హైస్కూలు గ్రౌండు. డ్రిల్లు మాస్టారు గాలయ్య గారి సంతాప సభలో రిటైర్డ్ లెక్కల టీచరు కామేశ్వరమ్మ మాట్లాడినది.)

ఆ మైకు కొంచెం కిందికి దించు నాయనా. ఇంకా దించు. నేను పొట్టిదాన్ని. నా కోపం మాత్రం పొట్టిది కాదు, ముందే చెప్తున్నాను.

అమ్మా నర్సమ్మా, గాలయ్య ఇల్లాలివి, మొదటి నమస్కారం నీకు. తర్వాత మేడ్చల్ నుంచి, లాల్‌గడి మలక్‌పేట్ నుంచి, డ్యూటీ మానుకుని సూరారం నుంచి ఇంత ఎండలో వచ్చిన తల్లిదండ్రులకు. ఆ వెనక గోల్‌పోస్టు దగ్గర నిలబడ్డ పిల్లలకు. ఆఖరున ఈ వేదిక మీద కుర్చీల్లో కూర్చున్న పెద్దలకు.

గాలయ్య పోయాడు. మన గాలయ్య సారు పోయాడు. పొద్దుటినుంచి మాట్లాడిన వాళ్ళందరూ "హఠాన్మరణం" అన్నారు. ఒకాయన "విధి" అన్నాడు. ఇంకొకాయన "దేవుడు మంచివాళ్ళనే ముందు పిలుస్తాడు" అన్నాడు. దేవుడి మీదికి తోసేయడం ఎంత తేలికో! అయ్యా, గాలయ్యను దేవుడు పిలవలేదు. ఒక గేటు ముందు మనుషులు నిలబెట్టారు. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికే లేచాను.

రవీందర్, నువ్వు కూర్చో. కారు దగ్గరికి జారుకుందామని చూస్తున్నావు, నాకు తెలుసు. ఇవాళ ఊరికి పెద్దమనిషివి అయ్యావు గానీ, ఎనిమిదో తరగతిలో నీకు లెక్కలు చెప్పినదాన్ని. అప్పుడూ అంతే, కష్టమైన లెక్క బోర్డు మీద పడగానే మంచినీళ్ళకని లేచేవాడివి. ఇవాళ లెక్క కష్టమైనదే. కూర్చో.

ఇప్పుడే రవీందర్ మాట్లాడాడు. మీరందరూ విన్నారు. "సారు ఆత్మ శాంతించాలంటే మన ప్రణయ్ రేపు రైలెక్కాలె. కప్పు గెలిచి తెచ్చి సారు ఫొటో ముంగట పెట్టాలె" అన్నాడు. మీరు చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు! ఎందుకు కొట్టారో ఒక్కరైనా ఆలోచించారా? ప్రణయ్ పదో తరగతి. సూరారం ఫ్యాక్టరీలో పనిచేసే కుర్మయ్య కొడుకు. సిటీలో ఒక క్లబ్బువాళ్ళు సంక్రాంతి తర్వాత వాడిని తమ కుర్రాళ్ళ టీములోకి తీసుకున్నారు. సంతోషమే. కానీ ఆ టీము రేపు ఇంకో రాష్ట్రానికి ఆడటానికి పోతోంది. గురువారం నుంచి పదో తరగతి పరీక్షలు. రేపు రైలెక్కితే పరీక్షలు పోయినట్టే. ఏ పరీక్ష రాయించడం కోసం గాలయ్య ప్రాణం పోయిందో, ఆ పరీక్ష ఎగ్గొట్టించి ఆయన ఆత్మకి శాంతి చేస్తారట. ఇదెక్కడి శాంతి రవీందర్? ఎవరికి శాంతి?

కోపం వస్తుంది నాకు. రాదా మరి?

గాలయ్య ఎవరో కొంపల్లి నుంచి వచ్చిన కొత్తవాళ్ళకి తెలియకపోవచ్చు. ఆయన ఈ బడికి వచ్చినప్పుడు ఇక్కడ గ్రౌండు లేదు, తుమ్మచెట్లు ఉన్నాయి. పిల్లలతో కలిసి వాటిని కొట్టేశాడు. గోల్‌పోస్టుకి పాత బోరు పైపులు పాతాడు. ఒకరోజు స్టాఫ్‌రూముకి వచ్చి నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "టీచరమ్మా, బంతి సంగతి అడుగుండ్రి, చెప్త. గీ బీజగణితం మాత్రం నా తోని గాదు. నా పిలగాండ్లకు మీరే చెప్పాలె, గ్రౌండుకొచ్చి చెప్పాలె" అన్నాడు. నేను నవ్వాను. గ్రౌండులో బీజగణితమా? ఆయన నవ్వలేదు. "పొద్దుగాల వాళ్ళు క్లాసుల కూసోరు. బంతి కాడ కూసుంటరు. మీరు బంతి కాడికి రాండ్రి" అన్నాడు.

అలా మొదలైంది. ఇన్నేళ్ళు నడిచింది. గాలయ్య దగ్గర ఒకటే చట్టం. ఇక్కడున్న వాళ్ళలో సగం మంది ఆ చట్టం కింద పెరిగినవాళ్ళే. "పాఠం అప్పజెప్పినోనికే బంతి." పొద్దున మొదలయ్యేది. ఒకడు లేచి పాఠం చెప్పాలి. అప్పజెప్పితే బంతి వాడి కాళ్ళ దగ్గర పడేది, ఆట మొదలయ్యేది. లేదంటే అందరూ కూర్చోవాల్సిందే. తప్పు చెప్పినవాడిని గాలయ్య ఏమీ అనేవాడు కాదు. అనే పని మిగిలిన పిల్లలు చేసేవాళ్ళు. ఆట ఆగిపోతుందంటే ఊరుకుంటారా? బాగా ఆడేవాడికి బాగా చదివేవాడు పాఠం చెప్పేవాడు, చెప్పకపోతే వాడికీ ఆట లేదు కదా. ఏ బెత్తమూ చేయని పని ఒక తోలుబంతి చేసింది.

కూర్చోవడం అంటే దేని మీద కూర్చునేవాళ్ళో తెలుసా? శాలువాల మీద. ఈ పిల్లలు మండలంలో గెలిచినప్పుడల్లా, జిల్లాలో గెలిచినప్పుడల్లా మన పెద్దలు గాలయ్యకి శాలువా కప్పేవాళ్ళు. ఒక జత బూట్లు కొనిపెట్టమంటే "చూద్దాం సారు" అనేవాళ్ళు. శాలువా మాత్రం తప్పేది కాదు. ఆయన అవన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి, రోజూ పొద్దున తెచ్చి ఆ గోల్‌పోస్టు పక్కన పరిచేవాడు. ఒకసారి ఒక పెద్దమనిషి చూసి నొచ్చుకున్నాడు, సన్మానం చేస్తే నేల మీద వేస్తారా అని. గాలయ్య ఏమన్నాడో ఆయన మాటల్లోనే చెప్తాను, మన్నించాలి. "కప్పుకుంటే చెమట వడ్తది అయ్యా. కింద ఏస్తే పిలగాండ్ల ముడ్డికి రాళ్ళు గుచ్చవు."

నవ్వండి, పరవాలేదు. ఆయన ఉంటే ఆయనా నవ్వేవాడు. నర్సమ్మా, నువ్వు కూడా నవ్వావు, చూశాను. ఆ శాలువాలు ఉతికి ఆరేసి చేతులు అరిగింది నీకే కదా.

నేను పాఠం చెప్తుంటే ఆయన కూడా పిల్లల వెనక కూర్చునేవాడు. కాసేపటికి ఆవలించేవాడు. నేను సుద్దముక్క విసిరేదాన్ని. ముప్పై ఏళ్ళయినా నా గోదావరి యాస పోలేదని ఆయన వెక్కిరించేవాడు, ముప్పై ఏళ్ళయినా నీకు సమీకరణం రాలేదని నేను వెక్కిరించేదాన్ని. మంచి రోజులవి. అవి ఎవరు పాడుచేశారో ఇప్పుడు చెప్తాను.

నారాయణా, ఎక్కడున్నావు? చెయ్యెత్తు. అదిగో, ఖాకీ చొక్కా. మేడ్చల్ రోడ్డు మీద సెవెన్ సీటర్ ఆటో నడిపే నారాయణ మీ అందరికీ తెలుసు. బంతి ఆడిన నారాయణ ఎంతమందికి గుర్తున్నాడు? వాడి కాలికి బంతి తగిలితే గోల్‌కీపరు బంతికి కాదు, గాలికి అడ్డం పడేవాడు. 1994లో వాడు పదో తరగతిలో ఉండగా సిటీలో ఒక పెద్ద ఆఫీసు టీమువాళ్ళు వచ్చి చూసి, వచ్చెయ్యమన్నారు. ఊరంతా పండగే. అప్పుడు పెద్దలందరూ ఒకటే పాట పాడారు. "బంతి ఆడెటోనికి సర్కారు నౌకరి ఇంటికే నడిసొస్తది. మా తాత ఏలిముద్ర వెట్టి చేరిండు, పించనుతోని దిగిండు. గీనికి చదువెందుకు?"

ఇది మన దగ్గర మాత్రమే చేసే పొరపాటు. ఎందుకంటే ఇది పూర్తిగా అబద్ధం కాదు. ఒకప్పుడు మన చుట్టుపక్కల ఊళ్ళనుంచి బంతి ఆడి ఉద్యోగాలు తెచ్చుకున్న తాతలు నిజంగా ఉన్నారు. ఆటకే ఉద్యోగం ఇచ్చిన కాలం ఉంది. ఆ కాలం పోయిందని ఎవరూ గమనించలేదు. తాత పింఛను చూసి మనవడి పుస్తకం మూసేశారు.

నారాయణని ట్రాక్టరు ఎక్కించారు. డప్పులు పెట్టారు. శాలువా, శాలువా లేకుండా ఎలా, అదీ కప్పారు. ఏ రోజు? పదో తరగతి లెక్కల పరీక్ష రోజు. పరీక్ష జరుగుతున్న బడి పక్కనుంచే ఊరేగింపు పోయింది. లోపల పిల్లలు కలాలు ఆపి కిటికీలోంచి చూశారు. గాలయ్య ఒక్కడే వెళ్ళి ట్రాక్టరుకి అడ్డం నిలబడ్డాడు. "బిడ్డా, దిగు. పరీక్ష రాసి మళ్ళ ఎక్కు. డప్పులోళ్ళను నేనే ఆపుత" అన్నాడు. పెద్దలు ఆయన భుజాలు పట్టుకుని పక్కకి జరిపారు. ట్రాక్టరు పోయింది. ఆ ట్రాక్టరు నడిపింది ఎవరు రవీందర్? నేను చెప్పనా, నువ్వు చెప్తావా?

సరే, నేనూ చెప్పను. తల దించుకున్నావు, అది చాలు.

నారాయణ ఆ టీముకి ఏళ్ళ తరబడి ఆడాడు. గోల్స్ కొట్టాడు, పేపర్లో ఫొటో పడింది. ఉద్యోగం పర్మినెంటు చేసే రోజు వచ్చింది. పదో తరగతి మెమో తెమ్మన్నారు. మెమో ఏదీ? తీసుకెళ్ళినప్పుడు అడగని మెమో ఉద్యోగం ఇచ్చేటప్పుడు అడిగారు. కాలు కావలసినప్పుడు కాలు చూశారు, కాగితం కావలసినప్పుడు కాగితం చూశారు. మనిషిని ఎప్పుడు చూశారు? తర్వాత మోకాలు తిరిగింది. ఇంటికి వచ్చాడు. ట్రాక్టరు ఎక్కించిన వాళ్ళలో ఒక్కరు కూడా వాడి గడప తొక్కలేదు.

గాలయ్య తొక్కాడు. పదో తరగతి పరీక్షకి ఫీజు కట్టించాడు. "బండి నడుపుకుంట ఏడ చదువుత సారు" అని నారాయణ అంటే, గాలయ్య రోజూ సాయంత్రం వెళ్ళి డ్రైవరు పక్క సీట్లో కూర్చునేవాడు. మేడ్చల్ నుంచి సూరారం దాకా పాఠం అప్పజెప్పించుకునేవాడు, మళ్ళీ వెనక్కి వచ్చేదాకా ఇంకో పాఠం. వెనక కూర్చున్న కూరగాయల ఆడవాళ్ళు కూడా నారాయణ తడబడితే అందించేవాళ్ళట, వినీ వినీ వాళ్ళకి వచ్చేసింది. నారాయణ లెక్కల్లో తప్పాడు. మళ్ళీ రాశాడు. మళ్ళీ తప్పాడు. ఆఖరికి పాసయ్యాడు. ఆ రోజు గాలయ్య మా ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఇద్దరం ఏడ్చాం. అప్పటికి ఆ ఉద్యోగానికి నారాయణ వయసు దాటిపోయింది.

గుర్తుంచుకోండి. గాలయ్యకి బంతి అంటే పడక కాదు చదవమన్నది. ఆయనకన్నా బంతిని ప్రేమించినవాడిని నేను చూడలేదు. ఈ గ్రౌండునుంచి ఆడటానికి పోయిన ప్రతి పిల్లవాడినీ ఆయనే రైలెక్కించాడు, ఏడుస్తూ ఎక్కించాడు. ఆయన అడిగింది ఒక్కటే. పదో తరగతి రాసి పోనివ్వండి. అంతే కదా? ఇది చాలా పెద్ద కోరికా?

పోయిన సోమవారం ఆ కోరిక పట్టుకునే క్లబ్బుకి వెళ్ళాడు. ఆ క్లబ్బు పేరు నేను ఈ మైకులో పలకను. నారాయణే ఆటోలో తీసుకెళ్ళాడు. ఏం అడగాలని వెళ్ళాడు? ప్రణయ్‌ని తీసెయ్యమని కాదు. మొదటి ఆటలకి వదిలెయ్యండి, పరీక్షలు అయిన మర్నాడే నేనే వాడిని మీరున్న ఊరికి తీసుకొచ్చి దింపుతాను అని. వాచ్‌మన్ గేటు తియ్యలేదు. పెద్దసారు మీటింగులో ఉన్నాడు, ఆగమన్నాడు. ఆగాడు. నెత్తి మీద ఎండ. చెట్టు లేదు, కుర్చీ లేదు. నారాయణ ఆటోలో కూర్చోమని బతిమాలాడు. "నేను కూసుంటే పనిలేక వచ్చిండనుకుంటరు. నిలవడితే తొందరున్నదని తెలుస్తది" అన్నాడు.

కార్లు లోపలికి పోయాయి, బయటికి వచ్చాయి. ప్రతి కారుకీ గేటు తెరుచుకుంది. ఇంతమంది పిల్లలకి బంతి పట్టించినవాడికి మాత్రం తెరుచుకోలేదు. మధ్యాహ్నం దాటాక ఆ పెద్దసారు కారు బయటికి వచ్చింది. గాలయ్య ఎదురెళ్ళి దండం పెట్టాడు. దండం పెట్టాడమ్మా నర్సమ్మా, ఎవరికీ తల వంచని మీ ఆయన. అద్దం సగం దిగింది. "ఆట కావాలా, పరీక్ష కావాలా, తేల్చుకోమనండి" అన్నాడాయన. అద్దం పైకి పోయింది. కారు పోయింది.

గాలయ్య ఆటో దగ్గరికి వచ్చి నారాయణతో ఒక మాట అన్నాడు. అదే ఆఖరి మాట. "ఏందిరా గాయన, గట్లడుగుతడు? బువ్వ గావాల్నా, బట్ట గావాల్నా అన్నట్టు!" అని ఆటో చక్రం పక్కన కూలబడ్డాడు. నారాయణ నీళ్ళు తెచ్చేలోపు అయిపోయింది.

డాక్టరు గుండె ఆగింది అని రాశాడు. ఎండ అని రాయలేదు. గేటు అని రాయలేదు. సగం దిగిన అద్దం అని రాయలేదు. డాక్టరు రాయడు, ఆయన పని అది కాదు. మనం చెప్పాలి. మనం ఏం చేస్తున్నాం? విధి అంటున్నాం. చప్పట్లు కొడుతున్నాం. ఈ గ్రౌండు గ్యాలరీకి సారు పేరు పెడతామంటున్నాం. ఏ గ్యాలరీ? ఎక్కడుంది గ్యాలరీ?

కుర్మయ్యా, ఇప్పుడు నీతో. నీ మీద నాకు కోపం లేదు. షిఫ్టు మీద షిఫ్టు చేసి పిల్లవాడిని పెంచావు. రేపు పంపకపోతే క్లబ్బువాళ్ళు పేరు కొట్టేస్తారని నీ భయం. భయం ఉండాల్సిందే. నీ కొడుకు నీకన్నా బాగా బతకాలని కదా నీ తాపత్రయం. కానీ ఆ ఖాకీ చొక్కా వైపు ఒకసారి చూడు. నారాయణ నీ కొడుకు కన్నా తక్కువ ఆడేవాడు కాదు. వాడి నాయినకీ ఇదే భయం ఉండేది. పరీక్ష రాసిన కాలికి బంతి అంటుకోదని ఎవరైనా చెప్పారా? ఇది కాకపోతే ఇంకో క్లబ్బు వస్తుంది, ఆట ఉన్నవాడి కోసం వెతుక్కుంటూ వస్తారు. పదహారో ఏట రాయని పరీక్ష కోసం ఎవరూ వెతుక్కుంటూ రారు. నారాయణ అన్నిరోజులూ ప్రణయ్‌ని తన ఆటోలో పరీక్ష సెంటరు దగ్గర దింపుతానన్నాడు, పొద్దున నాతో చెప్పాడు. లెక్కలు నేను చూసుకుంటాను.

ఇక ఆ క్లబ్బు సంగతి. రేపు పొద్దున నేను వెళ్తున్నాను. ఆ గేటు దగ్గరే నిలబడతాను. నాకు బీపీ ఉంది, షుగరు ఉంది, మోకాళ్ళు లేవు. అయినా నిలబడతాను. ఎంతమందిని నిలబెట్టి చంపుతారో చూస్తాను. నాతో వచ్చేవాళ్ళు రండి. రవీందర్, నువ్వు తప్పకుండా రావాలి. నీ పెద్ద కారు తెచ్చుకో. నీ కారుకి గేటు తీస్తారు. ఆ కారులో వెనక సీట్లో నేను కూర్చుంటాను, నర్సమ్మ కూర్చుంటుంది. మేం ఆయన్ని ఒకటే అడుగుతాం. మీ పిల్లలు ఈ నెల ఏం చేస్తున్నారు సారూ, ఆట ఆడుతున్నారా, పరీక్ష రాస్తున్నారా?

వస్తావా రవీందర్? తల ఊపితే చాలదు, మైకులో చెప్పించను గానీ, నర్సమ్మ వైపు చూసి ఊపు. ఆ, అలా.

ఇంక ముగిస్తాను.

ఆ ఫొటో మీద కొత్త శాలువా కప్పారు. చాలా ఖరీదైనదిలా ఉంది. నర్సమ్మా, లేచి ఆ శాలువా నువ్వే తియ్యమ్మా. తియ్యి, ఎవరూ ఏమీ అనరు. ఆయన దాన్ని ఏం చేసేవాడో నీకన్నా ఎవరికి తెలుసు? ఇలా వేదిక ముందు, నేల మీద పరుచు. ముడత లేకుండా. చాలు.

కుర్మయ్యా, నీ కొడుకుని ఈ శాలువా మీదికి నువ్వే పంపు. నేను పిలవను. ఈ పిల్లవాడు రేపు రైలు దగ్గరికి పోతాడా, గురువారం పరీక్షకి పోతాడా, అది నువ్వు తేల్చాల్సిన మాట. నువ్వు వాడి భుజం మీద చెయ్యి వేసి ముందుకి తోస్తే, ఈ ఊరందరికీ నీ జవాబు తెలిసినట్టే.

తోశాడు. చూశారా? వస్తున్నాడు.

రా ప్రణయ్. చెప్పులు విప్పి కూర్చో. నిన్న పొద్దున నాకు అప్పజెప్తూ పైథాగరస్ సిద్ధాంతం దగ్గర ఆగావు. ఇవాళ పూర్తిగా అప్పజెప్పాలి.

మిగిలిన అందరూ, వేదిక మీదివాళ్ళు, కిందివాళ్ళు, దయచేసి లేచి నిలబడండి. సంతాప సభలో మౌనం పాటించడం ఆచారం. పాటిద్దాం. గడియారం చూడకండి. ఈ పిల్లవాడు పాఠం అయిపోయింది అనేదాకా మనం నోరు విప్పకూడదు. ఇన్నేళ్ళూ పిల్లలు చదువుకునే వేళ మనమే మాట్లాడాం, డప్పులు మనమే కొట్టాం. ఈ ఒక్కసారి మనం ఊరుకుందాం, వాడు చెప్తాడు.

లేవండి.

మొదలుపెట్టు నాయనా. భయపడకు. గట్టిగా చెప్పు. ఆ గోల్‌పోస్టు దాకా వినిపించాలి. సారు ఎప్పుడూ అక్కడే నిలబడి వినేవాడు.